ఉప్పు మంగమ్మ డబ్బాలో ఇరవై మూడు కార్డులు

బేరాల విషయంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. 2007 ఫిబ్రవరిలో నేను కుదుర్చుకున్న బేరమే చూడండి. పది సబ్‌సెంటర్లు ఇచ్చేసి ఏడు తీసుకున్నాను. ఇచ్చిన పదీ ముదిగొండ చుట్టుపక్కలవి. ఆటో దిగితే గుమ్మం, పని కాగానే ఖమ్మంలో ఇంటి భోజనం. తీసుకున్న ఏడూ భద్రాచలం దాటాక, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలోవి. జీతం ఒకటే, గడువు ఒకటే. పది కంటే ఏడు తక్కువ కాబట్టి మూడు సెంటర్ల పని మిగిలిందని మురిసిపోయాను. ఒక సెంటరుకీ ఇంకో సెంటరుకీ మధ్య ఎంత దూరమో, ఎన్ని వాగులు దాటాలో అడగాలని నాకు తోచనే లేదు.

మా నాన్నది ఖమ్మంలో కిరాణా దుకాణం. మేనమామలది బట్టల కొట్టు, పెద్దనాన్నది ఇనుప సామాను. నడక వచ్చిన దగ్గర్నుంచీ త్రాసు పక్కనే పెరిగాను. అలాంటిదాన్ని, అవతలివాడు బేరమాడకుండా ఒప్పుకుంటే సరుకులో ఏదో మతలబు ఉందని గ్రహించాలి కదా! నా సహోద్యోగి సుధాకర్, “నువ్వు అడిగినంక కాదంటనా అక్కా” అని, నేను టీ తాగడం పూర్తి చేసేలోపే కాగితం మీద సంతకం పెట్టేశాడు. అతని ఉదారతకు పొంగిపోయి ఆ టీ కూడా నేనే తాగించాను.

మా పని ఏమిటో చెప్పాలి. ప్రభుత్వ వైద్య సేవలు ఎక్కడ ఎలా నడుస్తున్నాయో కొలిచి మార్కులు వేసే ఒక ప్రాజెక్టులో నేను కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. సబ్‌సెంటర్ అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ఉండే చిన్న గది. ఐదారు ఊళ్ళకు ఒకటి ఉంటుంది. అందులో ఏఎన్ఎం, అంటే టీకాలు వేసి, గర్భిణులను చూసుకునే నర్సమ్మ ఉంటుంది. మేము వెళ్ళి మందులు, రిజిస్టర్లు, నీళ్ళ వసతి చూసి నూటికి ఇన్ని అని మార్కులు వేయాలి. అన్నిటికంటే ఎక్కువ మార్కులు కవరేజీకి. కవరేజీ పెద్ద విద్యేమీ కాదు. టీకా పడాల్సిన పిల్లలు ఎంతమంది, అందులో పడినవాళ్ళు ఎంతమంది, అంతే. పడినవాళ్ళ అంకె పైన రాస్తాం. పడాల్సినవాళ్ళ అంకె కింద రాస్తాం, దాన్నే డినామినేటర్ అంటారు. ఆ కింది అంకె ఆఫీసువాళ్ళ జనాభా లిస్టు నుంచి ముందే అచ్చయి వస్తుంది. పై అంకె మేము వెతకాలి.

హైదరాబాదులో ట్రైనింగు జరిగినప్పుడు నేను లేచి ఒక సలహా ఇచ్చాను. “దిగిన సరుకు కంటే అమ్మిన సరుకు ఎక్కువ చూపిస్తే ఆ దుకాణంలో దొంగ లెక్క ఉన్నట్టే. కవరేజీ నూటపది దాటితే ఎర్ర గుర్తు పెట్టాలి” అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. మా టీం లీడర్ దాన్ని రూలు చేశాడు. ఎర్ర గుర్తు పడిన సెంటర్లో కాంట్రాక్టు ఏఎన్ఎం ఉంటే మార్చి చివర్లో ఆమె కాంట్రాక్టు పొడిగించరు. ఆ సంగతి విన్నప్పుడు కూడా నాకు గర్వంగానే అనిపించింది.

నా ఏడింటిలో నాలుగోది జ్యోతి సెంటరు. ఒక బుధవారం ఉదయం బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో వెళ్ళనన్న చోటు నుంచి నడిచి అక్కడికి చేరాను. జ్యోతిది ఇల్లందు. నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడట. పాతికేళ్ళుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం. గుమ్మం ముందు మోపెడ్, దాని వెనక రబ్బరు తాడుతో కట్టిన నీలం రంగు టీకాల డబ్బా. గది ఊడ్చి ఉంది, మందులు వరసగా ఉన్నాయి. మనసులోనే మార్కులు వేసుకుంటూ రిజిస్టరు తెరిచాను. మూడు డోసుల డీపీటీ టీకా పూర్తయిన పిల్లలు అరవై ఒక్కమంది. నా కాగితంలో అచ్చయి వచ్చిన కింది అంకె నలభై.

కాల్క్యులేటర్ నొక్కాను. నూటయాభై రెండున్నర.

“జ్యోతీ, మా దుకాణంలో నలభై బస్తాలు దిగితే అరవై ఒక్క బస్తాలు అమ్మలేం” అన్నాను.

“దుకాణమంటె గోడలుంటయి కద మేడం. నాకు గోడలు ఏడున్నయి?” అంది. “మీ లిస్టుల ఆరు ఊర్లున్నయి. నేను తిరిగేటివి పది.”

“మిగతా నాలుగు ఎక్కడివి?”

“అవతలి నుంచి వచ్చి కూసున్న గుంపులు. ఆడ గొడవలైతున్నయని పిల్లల్ని ఎత్తుకొని వచ్చిండ్రు. రెండేండ్లాయె.”

ఆ వైపు చిన్న పల్లెలను గుంపు అంటారు. పదిహేను ఇరవై గుడిసెలుంటే ఒక గుంపు. సరిహద్దు దాటి వచ్చిన ఆదివాసీ కుటుంబాలు అడవి లోపల అలా నాలుగు చోట్ల గుడిసెలు వేసుకున్నాయి. ఏ లిస్టులోనూ వాటి పేరు లేదు. వాగు పక్కన ఉన్నదాన్ని వాగుగుంపు, గుట్ట మీద ఉన్నదాన్ని గుట్టగుంపు అని జ్యోతే పేర్లు పెట్టుకుని రిజిస్టర్లో రాసుకుంది.

“లిస్టులో లేని ఊరికి నిన్ను ఎవరు వెళ్ళమన్నారు?”

“ఎవ్వరు పొమ్మనలే. సంతల కనవడ్డరు. చంకల పిల్లలున్నరు. సీసా ఒక్కసారి తెరిస్తె పది మందికొస్తది మేడం, మిగిలింది పొద్దుగూకంగనె పారబొయ్యాలె. పారబోసే బదులు ఏసిన. ఇగ అలవాటైంది.”

మిగిలిన సరుకు పారబోయకూడదన్నది నాకు బాగా తెలిసిన న్యాయమే. కానీ ఉద్యోగం ఉద్యోగమే. “వాళ్ళ కార్డులు చూపించు” అన్నాను. టీకా వేసిన ప్రతి బిడ్డకూ ఒక కార్డు ఉంటుంది, తల్లి దగ్గర ఉండాలి. తనిఖీలో అదే అసలు సాక్ష్యం.

“కార్డులు సంతల ఉన్నయి మేడం.”

“సంతలోనా?”

“ఉప్పు మంగమ్మ డబ్బాల.”

నేను నవ్వాను. దుకాణంలో పెరిగినదాన్ని, రకరకాల సాకులు విన్నాను. బిల్లు పుస్తకం ఎలుకలు కొట్టేశాయన్నవాణ్ణి చూశాను, మేక మేసిందన్నవాణ్ణీ చూశాను. టీకా కార్డులు ఉప్పమ్ముకునే ఆవిడ దగ్గర ఉన్నాయన్న సాకు మాత్రం కొత్తది.

జ్యోతి నవ్వలేదు. “గుడిసెల పెడితె చెద తింటది. లేకుంటె వాన తడుపుతది. రెండుసార్లు రాసిచ్చిన, రెండుసార్లు పోయినయి. వాళ్లు ఏది మరిచిపోయినా ఉప్పు మరిచిపోరు మేడం. వారం వారం మంగమ్మ కాడికి రావాల్సిందె. అందుకే ఆడ పెట్టిన. శుక్రవారం సంత. అప్పటిదాక ఆ ఎర్రది పెట్టకండి. ఈ నౌకరీ పోతె నేను ఇల్లందుల ఏదన్న చేసుకుంట. ఆ గుంపులకు మాత్రం ఎవ్వరు పోరు.”

“శుక్రవారం మధ్యాహ్నం వరకు” అన్నాను, బేరం అలవాటుతో.

“సంత పొద్దుగూకేదాక ఉంటది.”

“మూడింటి వరకు.”

“సగం సంత చూసి లెక్క ఎట్ల రాస్తరు మేడం?”

పొద్దుగూకే వరకు ఖాయమైంది.

ఆ రెండు రోజులూ లిస్టులో ఉన్న ఆరు ఊళ్ళూ ఇల్లిల్లూ తిరిగాను. టీకా వయసు పిల్లల్ని లెక్కపెడితే సరిగ్గా నలభై మందే తేలారు. అందులో ముప్పై ఎనిమిది మందికి కార్డులు సరిపోయాయి. కార్డుతోపాటు చూసేది ఇంకొకటి ఉంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా ఎడమ భుజం మీద చిన్న మచ్చ మిగులుస్తుంది. కార్డు దిద్దవచ్చు గానీ భుజం దిద్దలేరు. నేను కార్డు చూసి, చొక్కా చేయి పైకి లాగి మచ్చ చూసి, అప్పుడే టిక్కు పెట్టేదాన్ని. ముప్పై ఎనిమిది పోగా మిగిలింది ఇరవై మూడు. అన్నీ గుంపుల పేర్లే.

శుక్రవారం సంత. మట్టిరోడ్డుకు రెండు వైపులా గాజులు, బెల్లం, మిరపకాయలు, పారలు, గొడ్డళ్ళు, కోళ్ళు. మధ్యలో గోనె పట్టా మీద తెల్లగా కళ్ళుప్పు కుప్ప, దాని పక్కన ఎండుచేపలు. కుప్ప వెనక అరవై ఏళ్ళ మంగమ్మ. గోదావరి ఒడ్డు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ సంతకు వస్తోందట. ఆమె మోకాలి కింద నిజంగానే ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా ఉంది.

“డబ్బా చూపించు మంగమ్మా” అన్నాను.

“ఏ డబ్బా?”

“కార్డుల డబ్బా.”

“కార్డు మీద నీ పేరుందా?”

“నేను గవర్నమెంటు తరఫున వచ్చాను.”

“గవర్నమెంటు పేరున్న కార్డు గూడ లేదు బిడ్డా” అంది, ఒకామెకు ఉప్పు పోస్తూనే.

మా నాన్న నేర్పిన మొదటి పాఠం ఒకటుంది: ముందు ఏదో ఒకటి కొంటే మాట మెత్తబడుతుంది. కిలో ఎండుచేపలు తూయమన్నాను. మా ఇంట్లో గుడ్డు పేరెత్తినా మా అమ్మ పసుపునీళ్ళు చల్లుతుంది. అయినా ప్రభుత్వ సేవ కోసం కొన్నాను. బేరం కూడా ఆడలేదు. మంగమ్మ పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

“ఇప్పుడు డబ్బా?”

“చేపలు కొన్నవు, చేపలిచ్చిన. ఇంకేంది?”

పక్కన టీకాల డబ్బా మీద కూర్చున్న జ్యోతి మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలుస్తూనే ఉంది.

మంగమ్మ రూలు ఒకటే. తల్లి స్వయంగా వస్తే కార్డు తీస్తుంది, చూపించాక మళ్ళీ లోపల పెడుతుంది. డాక్టరు వచ్చినా, కలెక్టరు వచ్చినా అంతే. “పొల్లలు నన్ను నమ్మి పెట్టిండ్రు. నువ్వు ఏ పోలీసు మనిషివో, ఏ జంగిలాత్ మనిషివో నాకేం ఎరుక? పేర్లు రాస్కపోయి గుడిసెలు పీకిస్తె?” అంది. జంగిలాత్ అంటే అటవీ శాఖ. ఆ మాటతో నేను అడగడం మానేశాను. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ చూపించను. గోనె పట్టా మీద ఒక పక్కగా చోటు చేసుకుని కూర్చున్నాను, తల్లులు వచ్చేదాకా.

ఊరికే కూర్చోనిస్తుందా! “చేతులున్నయి కద, ఉప్పు పొయ్యి” అని మానిక నా చేతికిచ్చింది. నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. కొలవడం నా సొత్తు. మానిక నిండా ఉప్పు తీసి, మా దుకాణంలో చేసినట్టే అరచేత్తో పైన సాఫీగా కొట్టేశాను. చేతి మీద దెబ్బ పడింది.

“గట్ల కొట్టెయ్యకు! కుప్పగ పొయ్యి. వాళ్లు ఎంత దూరం నడిచొస్తరో ఎరుకేనా? మీ దుకాణంల గిట్లనేనా కొలిచేది?”

“అవును.”

“అందుకే నిన్ను నౌకరీకి తోలిండ్రు.”

ఈసారి జ్యోతి పైకే నవ్వింది. గాజులావిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి.

కాసేపటికి మొదటి తల్లి వచ్చింది. తల మీద చింతపండు మూట, వీపున గుడ్డలో బిడ్డ. పేరు ఇడిమి. జ్యోతి ఆమెతో వాళ్ళ భాషలో ఏదో అంది, ఇడిమి నన్ను ఎగాదిగా చూసి తలూపింది. మంగమ్మ డబ్బా మూత తీసింది.

అప్పుడు చూశాను ఆ డబ్బా లోపలిది. కార్డులన్నీ నాలుగు కట్టలు. పేర్ల వరసా కాదు, ఊళ్ళ వరసా కాదు. మంగమ్మకు చదువు రాదు. ఒక కట్టకు చింతపిక్క దారంతో కట్టి ఉంది, ఒకదానికి చీపురు పుల్ల, ఒకదానికి వెదురు బద్ద, ఒకదానికి చెట్టు బంక ముద్ద. ఏ తల్లి ఏం తెచ్చి అమ్ముతుందో ఆమె బిడ్డ కార్డు ఆ కట్టలో. కార్డు మూల మీద ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు, బొగ్గుతో గీసినది. చింతపిక్క కట్ట విప్పి, మూడో కార్డు తీసి ఇడిమి చేతికిచ్చింది. నేను రిజిస్టర్లో పేరు చూశాను. సరిపోయింది. బిడ్డ చేయి పైకెత్తాను. మచ్చ ఉంది, మెంతిగింజంత. బిడ్డ నా కళ్ళద్దాలు లాగేసింది.

మా పెద్దనాన్న ఇనుప సామాను కొట్టులో వెయ్యి రకాల మేకులుండేవి. ఏ డబ్బాలో ఏ మేకు ఉందో తెలియడానికి డబ్బా మీద ఆ మేకునే కట్టేవాడు. చదువుకున్న గుమాస్తాలు రాసిన చీటీల కంటే అదే చప్పున దొరికేది. మంగమ్మ పద్ధతి చూశాక నాకు అర్థమైంది, ఇక్కడ దొంగ లెక్క లేదు. అయినా అర్థమవడం వేరు, టిక్కు పెట్టడం వేరు.

“ఒకటి!” అంది మంగమ్మ గట్టిగా.

ఆ తర్వాత చీపుర్లు మోసుకుని దేవె వచ్చింది. రెండు. బుట్టలతో జోగి వచ్చింది. మూడు. పది దాటేసరికి సంగతి సంతంతా పాకింది. గాజులావిడ ఏడు గాజులు కొన్న పిల్లకు ఎనిమిదోది ఊరికే ఇచ్చి, “నీ అక్కను బిడ్డనేసుకొని రమ్మను, లెక్కల మేడం కూసున్నది” అని పంపింది. మిరపకాయలాయన నిలబడి, “ఇప్పుడెంత?” అని కేకేసేవాడు. “పదమూడు!” అని అటునుంచి బెల్లం కొట్టువాడు అరిచేవాడు, నేను చెప్పకముందే. ప్రతి మచ్చకూ ఒక కేక. పిల్లలు మాత్రం భుజం చూపించగానే సూది అనుకుని ఏడుపు లంకించుకునేవాళ్ళు. వాళ్ళ ఏడుపు, వీళ్ళ కేకలు, మధ్యలో నేను ఉప్పు కుప్పగా పోస్తూ. జీతం తీసుకుని ఇంత సంబరంగా నేను ఎన్నడూ పనిచేయలేదు.

పొద్దుగూకేసరికి పదిహేడు. ఇంకా ఆరు.

“ఐదుగురు ఇయ్యాల రారు” అంది మంగమ్మ. “మిరప కోతకు పోయిండ్రు, కింది చేన్లకు. ఆరోది ఆడనే అడుగుదం.”

“మరి రేపు వెళ్దాం. కార్డులు ఇవ్వు.”

“కార్డులియ్య.”

“మంగమ్మా!”

“నేనే వస్త. డబ్బా నా ఒడిల ఉంటది.”

శనివారం ఉదయం కూలీలను తీసుకువెళ్ళే ట్రాక్టర్లో ముగ్గురం ఎక్కాం. మంగమ్మ డబ్బాతోపాటు ఒక ఉప్పు మూట కూడా వేసుకుంది, ఎలాగూ పోతున్నాం కదా అని. చేను అంతా ఎర్రగా ఉంది. ఆడవాళ్ళు వరసగా వంగి కాయలు కోస్తున్నారు, గట్టు మీద చీరతో కట్టిన ఉయ్యాలల్లో పిల్లలు. మిరప ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. నేను తుమ్మినప్పుడల్లా ఉయ్యాలలో ఒకడు కిలకిల నవ్వేవాడు. ఐదుగురు తల్లులూ దొరికారు. కారం చేతులు తగిలితే మండుతుందని వాళ్ళు పిల్లల్ని ముట్టుకోలేదు, జ్యోతే ఎత్తి చూపించింది. ఐదు కార్డులు, ఐదు మచ్చలు. ఇరవై రెండు.

మిగిలింది ఒక్కటి. బంక ముద్ద కట్టలో చివరి కార్డు. తల్లి పేరు దేవె, వాగుగుంపు.

జ్యోతి ఆ పేరు గట్టిగా చదివి, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. చేనంతా ఒక్కసారి నవ్వు. ఒకామె కాయలు ఒడిలో పట్టుకునే లేచి నిలబడి, గుట్ట వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పింది. మళ్ళీ నవ్వు. జ్యోతి మాత్రం నవ్వలేదు. చేతిలో కార్డు తిప్పి తిప్పి చూసింది.

“ఏమంటున్నారు?” అన్నాను.

ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. జ్యోతి ఏం చెప్పినా నేను రాసుకునేదాన్ని. దేవె ఊరెళ్ళిందంటే ఊరెళ్ళిందని, వేరే చేనుకు పోయిందంటే పోయిందని. జ్యోతికి అది నాకంటే బాగా తెలుసు. ఆమె నా వైపు చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈ దేవె నిన్నటి దేవెనే మేడం” అంది.

“నిన్నటి దేవె చీపుర్లు తెచ్చింది కదా?”

“అవ్. పోయినేడు వాగుగుంపుల ఉన్నప్పుడు బంక తెచ్చేది. కార్డు బంక కట్టల పెట్టినం. వానలకు వాగు పొంగితె గుట్టగుంపుకు పోయిండ్రట. ఆడ బంక లేదు, చీపుర్లు కడ్తున్నది. మళ్ల వచ్చినప్పుడు మంగమ్మ పెద్దమ్మ చీపుర్ల కట్టల వెతికింది, దొరకలే. పోయిందేమో అనుకున్న. గుట్టగుంపుల కొత్తగ వచ్చిన దేవె అనుకొని కొత్త కార్డు రాసిన. మొదటి డోసులన్ని ఆమె చెప్పినట్టె ఎక్కించిన. దేవెలు నలుగురున్నరు మేడం, నాకు అనుమానం రాలే. ఒక్క పిల్లనే రెండు లైన్లు రాసిన.”

“నా తప్పే బిడ్డా” అంది మంగమ్మ డబ్బా మీద చెయ్యేసి. “చెట్టుకు బంక ఎన్నాళ్లుంటది? గంత కూడ తోచలే నాకు.”

అరవై ఒక్కమందిలో అరవై మందిని కళ్ళతో చూశాను. అందులో ఇరవై ఇద్దరి కోసం ఈ పిల్ల ఎవరూ చెప్పకుండా అడవంతా తిరిగింది.

“పోనీలే జ్యోతీ” అన్నాను. “తూకం వేశాక మేమూ కొంచెం కొసరు వేస్తాం. ఒక్కటి కొసరు అనుకుంటాను. అరవై ఒకటే ఉంచుతాను.”

“వద్దు మేడం. కొట్టెయ్యండి.”

“ఒక్కటే కదా.”

“ఒక్కటి ఉత్తది దొరికితె మిగిలిన అరవై గూడ ఉత్తయే అంటరు. వీళ్లను ఇప్పటికే ఎవ్వరు లెక్కల పట్టరు. కొట్టెయ్యండి.”

నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ లైను మీద తనే గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. తన తూకం తగ్గించమని ఎదురు బేరమాడినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆ బేరంలో కూడా నేనే ఓడిపోయాను, కానీ ట్రాక్టర్ ఎక్కేటప్పుడు నాకెందుకో పాడాలనిపించింది. నా గొంతు సంగతి తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

అయితే చిక్కు తీరలేదు. నలభైకి అరవై అంటే నూటయాభై. రూలు ప్రకారం ఎర్ర గుర్తే. మండల కేంద్రంలోని ఎస్టీడీ బూతు నుంచి టీం లీడర్‌కు ఫోన్ చేశాను.

“కింది అంకె తప్పు సార్. నాలుగు ఊళ్ళు లిస్టులో లేవు.”

“కింది అంకె మార్చడానికి లేదమ్మా. పైగా ఆ రూలు మీదే కదా?”

“నాదే సార్. అది చెప్పిన రోజు నాకు బుద్ధి లేదు.”

అవతల నవ్వు వినిపించింది. నవ్విన మనిషి సగం దిగివచ్చినట్టే. అరగంట బేరం ఆడాను. చివరికి ఒప్పుకున్నాడు: ఆ నాలుగు గుంపుల్లో టీకా వయసు పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి సంతకంతో మంగళవారం లోపు పంపితే కింది అంకె మారుస్తాడు.

ఆదివారం, సోమవారం జ్యోతి మోపెడ్ వెళ్ళినంత దూరం మోపెడ్ మీద, ఆ తర్వాత నడిచి, నాలుగు గుంపులూ తిరిగాం. మంగమ్మ మమ్మల్ని పంపిందని చెబితే చాలు, గుడిసెల్లోంచి పిల్లలు బయటికి వచ్చేవాళ్ళు. ప్రతిచోటా అంబలి ఇచ్చారు. మూడో గుంపు చేరేసరికి కడుపులో చోటు లేదు, అయినా వద్దనలేదు. టీకా పడని బిడ్డ కనబడినప్పుడల్లా నేను దిగులుపడేదాన్ని, కింది అంకె పెరుగుతోందని. జ్యోతి మాత్రం దొరికిందే భాగ్యమన్నట్టు, “అరె, నువ్వు ఇన్నాళ్లు ఏడ దాసుకున్నవే!” అని ఎత్తుకునేది.

డాక్టరు గారు కాగితం చూసి తల పట్టుకున్నారు. “ఆరు ఊర్లకే మందులు చాలట్లేదు. ఇప్పుడు పదా?” అన్నారు. సంతకం పెట్టి, మళ్ళీ పిలిచి, “ఇంకో కాపీ ఇవ్వండి, మందులు ఎక్కువ అడగడానికి పనికొస్తది” అన్నారు.

ఎర్ర గుర్తు పడలేదు. మార్చి చివర్లో జ్యోతి కాంట్రాక్టు పొడిగించారు. మరుసటి ఏడు అచ్చయి వచ్చిన లిస్టులో నాలుగు గుంపులూ ఉన్నాయి, జ్యోతి పెట్టిన పేర్లతోనే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే పని చేశాను. ఎవరైనా ఇన్ని చేశాం అని చెబితే మెచ్చుకోవడమో అనుమానించడమో చేసే ముందు, ఎంతమందిలో అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. ఆ కింది అంకె ఎవరు రాశారు, ఎవర్ని వదిలేసి రాశారు అన్నది ఆ తర్వాతి ప్రశ్న. దుకాణంలో దిగిన సరుకు గోడల మధ్య ఉంటుంది. మనుషులు నడుస్తారు, వాగు పొంగితే గుట్ట ఎక్కుతారు. ఆ తేడా నాకు ట్రైనింగు ఇచ్చినవాళ్ళెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక అసలు లెక్క. నాకు రావలసిన చీవాట్లు కూడా ఇందులో ఉన్నాయి. జ్యోతి సెంటరుకు ముందు నేను చూసిన మూడింటిలో ఒకదానికి నూటపద్దెనిమిది వస్తే, ఒక్క ప్రశ్న అడగకుండా ఎర్ర గుర్తు పెట్టి పంపేశాను. వెనక్కి రప్పించాలని చూశాను, అప్పటికే కంప్యూటర్లో ఎక్కించేశారు. అక్కడి నర్సమ్మ పర్మినెంటు ఉద్యోగి కాబట్టి కొలువు పోలేదు. అయినా ఆ గుర్తు నిజమో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. అది నా ఖాతాలోదే.

జ్యోతి లెక్క ఇది. కింద, లిస్టు ఊళ్ళలో నలభై, గుంపుల్లో ఇరవై తొమ్మిది, మొత్తం అరవై తొమ్మిది. పైన, ముప్పై ఎనిమిది, ఇరవై రెండు, మొత్తం అరవై. నూటికి ఎనభై ఏడు, అదీ పిసరంత తక్కువగా. నూటయాభై రెండున్నర నుంచి అక్కడికి దిగింది. కాగితం చూపించినప్పుడు జ్యోతి ఆ ఎనభై ఏడు వంక చూడనే లేదు. అరవై తొమ్మిదిలోంచి అరవై వేళ్ళ మీద తీసేసి, “తొమ్మిది మేడం. పేర్లు రాసియ్యండి” అంది. లిస్టు ఊళ్ళలో ఇద్దరు, వాగుగుంపులో ముగ్గురు, గుట్టగుంపులో నలుగురు. రాసిచ్చాను.